ఉప్పు కాపడం

"నలభై ఒకటి."

గ్లూకోమీటర్‌లో అంకె రెండోసారి చూసుకుని మరీ పైకి చెప్పింది పద్మజ. చెప్పిన వెంటనే గ్లాసు తీసి కూతురి నోటి దగ్గర పెట్టింది.

"తాగమ్మా. రేఖా, ఇటు సూడు. ఒక్క గుక్క."

రేఖ తాగలేదు. గ్లూకోజు నీళ్లు పెదవి చివర నుంచి కారి, పొద్దున ఆరాధనకి కట్టుకెళ్లిన నీలం చీర మీద పడ్డాయి. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ ఆ చూపు ఎవరి మీదా నిలవడం లేదు. నుదుటి మీద చెమట తుడిచినకొద్దీ పడుతోంది.

"పొయ్యకే, పొలమారతాది!" మంచం పక్కనుంచి వెంకటలక్ష్మి అరిచింది. "గుంట మింగడం నేదు, కనపడడం నేదేటి నీకు? తేనె తే. బుగ్గ లోపల రాయాల."

అలాంటి విషయాల్లో ఆమె మాట ఆ ఇంట్లో ఎవరూ కాదనరు. ముప్పై ఒక్కేళ్లు మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. పద్మజ వంటింట్లోకి పరిగెత్తి తేనె సీసా తెచ్చింది. వెంకటలక్ష్మి మనవరాలి తల ఒక పక్కకి తిప్పి, చిటికెనవేలితో తేనె తీసి చిగుళ్లకీ బుగ్గల లోపలా రాస్తూ కూర్చుంది. ఆసుపత్రిలో ఎంతమంది పిల్లలకి ఇలా రాసిందో లెక్కలేదు.  

గుమ్మంలో నిలబడ్డ బెన్హర్‌కి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. స్కూల్లో మూడొందల మంది పిల్లల్ని ఒక్క ఈలతో వరసలో నిలబెట్టే డ్రిల్లు మాస్టారు. కన్నకూతురి మంచం దగ్గరికి రావడానికి భయపడి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇందాకల తొంభై అన్నావు కదే?"

"అది రెండింటికి. గ్లూకోజు తాగాక తొంభై అయ్యింది. గంట తిరక్కుండా మళ్లీ పడిపోనాది."

"ఇది మూడోసారి. అసలు అన్నం తిన్నాదా?"

"నా ఎదురుగా కూకుని తిన్నాది. మారు వడ్డించుకుంది కూడాను."

"మరెందుకు పడిపోతాది?"

పద్మజ కూతురి నుదురు కొంగుతో తుడిచింది. 

షుగరు ఆ ఇంటికి కొత్త కాదు. రేఖని పదో ఏట పట్టుకుంది. అప్పటినుంచి తొమ్మిదేళ్లుగా రోజుకి నాలుగు పోట్లు, పొట్టకో తొడకో. మానేస్తే బతకదు. అలాంటిది, విశాఖలో ఒక ఆసుపత్రిలో కొత్త ఇంజెక్షన్ ప్రయోగం జరుగుతోందని, వారానికి ఒక్కటి చాలని తెలిసినప్పుడు తల్లీకూతుళ్లిద్దరూ రాత్రంతా నిద్రపోలేదు. లోపల వేసిన కుట్లు వాటంతట అవే కరిగిపోతాయి చూశారూ, ఆ జాతి పదార్థంతో సన్నటి పలుకులు చేసి, వాటిలో ఇన్సులిన్ బంధించి చర్మం కింద పెడతారు. పలుకులు రోజుకి కొంచెం కొంచెంగా కరుగుతూ వారం పొడుగునా మందు వదులుతాయి. పలుకుల ఇంజెక్షన్ అని ఇంట్లోవాళ్లు దానికో పేరు కూడా పెట్టుకున్నారు.

ఇంట్లోవాళ్లంటే ముగ్గురే. నాలుగో మనిషికి చెప్పలేదు.

గురువారం ఆ ఇంజెక్షన్ వేయించుకుని రాజాం వచ్చి బస్సు దిగారు. వెంకటలక్ష్మి అడిగితే, "బలానికేసారు అత్తా" అంది పద్మజ. ప్రయోగం అన్న మాట చెవిన పడిందంటే అత్తగారు ఇల్లు పీకి పందిరి వేస్తుందని ఆమె భయం. "అమ్మకి సెప్పావా? వేడీ గీడీ తగలకూడదని సెప్పావా?" అని బెన్హర్ అడిగితే, "సెప్పాను" అంది. కాన్వెంటులో పిల్లలకి తెలుగుతో పాటు నీతులు కూడా చెప్పే పంతులమ్మే. ఇంటి ప్రశాంతత కోసం అబద్ధమాడటం మనలో ఎంతమందికి తప్పనిపిస్తుంది చెప్పండి?

తేనె పని చేసింది. పది నిమిషాలకి రేఖ పెదవులు కదిలాయి. "అమ్మా, చలేస్తంది" అంది. పద్మజ మళ్లీ వేలు పొడిచి చూసింది. అరవై ఆరు. రేఖ ఈసారి అరగ్లాసు గ్లూకోజు తనంతట తనే తాగింది. బెన్హర్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది.

అప్పుడు మోగింది ఫోను.

* * *

"రేఖ వాళ్ల అమ్మగారేనా? నేను డాక్టర్ ఝాన్సీని, విశాఖ నుంచి. మీరు మూడుసార్లు చేశారు, ఇప్పుడే చూశాను. షుగరు ఎంత ఉంది?"

అందరికీ వినపడేలా పద్మజ ఫోను మంచం మీద పెట్టింది.

"ఇప్పుడు అరవై ఆరు మేడమ్. ఇందాక నలభై ఒకటికి పడిపోయింది. పొద్దున్నుంచి ఇలా మూడుసార్లు."

"ఇంజెక్షన్ వేసిన చోట వేడి ఏమైనా తగిలిందా? వేడినీళ్ల సంచీ గానీ, కరెంటు హీటింగ్ ప్యాడ్ గానీ పెట్టారా? రుద్దారా?"

"లేదు మేడమ్. మీరిచ్చిన జాగ్రత్తల కాగితంలో రాశారు కదా. అవి మా ఇంట్లో లేవు కూడాను."

"ఎందుకు అడుగుతున్నానంటే, ఆ పలుకులు ఒంటి వేడికి మెల్లగా కరిగేలా చేసినవి. పైనుంచి వేడి పెట్టి రుద్దితే మెత్తబడి పగిలిపోతాయి. వారం పాటు రావలసిన మందు ఒక్క పూటలో వచ్చేస్తుంది. అప్పుడు మీ గ్లూకోజు నీళ్లు ఏ మూలకీ చాలవు. ఇంట్లో అందర్నీ అడిగారా?"

పద్మజ తలెత్తి అత్తగారి వైపు చూసింది. అడగాలంటే ముందు చెప్పాలి. బలానికని చెప్పింది అబద్ధమని, భర్త ఎదురుగా, ఈ క్షణంలో ఒప్పుకోవాలి.

"అడిగాను మేడమ్. ఎవరూ పెట్టలేదు."

"సరే. ఇంకో పావుగంట చూడండి. పెరగకపోతే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి నాకు చెప్పండి. వేడి తగిలినట్టు ఎవరికైనా గుర్తొస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉంచొద్దు."

ఫోను ఆగిపోయింది. వెంకటలక్ష్మి చేతిలో తేనె సీసా ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా ఆమెకి తోచలేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి ఆమెకి.

శుక్రవారం సాయంత్రం రేఖ మామ్మ గదిలోకి వచ్చి జాకెట్టు అంచు కింద పొట్ట చూపించింది. బొడ్డు పక్కన ఉసిరికాయంత గడ్డ. "పోటు పెడతన్నాది మామ్మా" అంది. మామ్మకి ఇంకేం కావాలి? ఇంజెక్షన్ గడ్డలకి కాపడం పెట్టడంలో మిషన్ ఆసుపత్రిలో ఆమెకి పేరు. పెన్సిలిన్ పొడిపించుకుని కుంటుకుంటూ బయటికొచ్చినవాళ్లు సూది వేసిన నర్సుని మరిచిపోయి ఆయా వెంకటలక్ష్మి కోసం వెతుక్కునేవారు. పెనం మీద రాళ్ల ఉప్పు వేయించింది. పాత పొందూరు ఖద్దరు గుడ్డలో మూట కట్టింది. ముందు తన మోచేతి మీద ఆనించి వేడి చూసుకుంది. మనవరాలికి కాలుతుందేమోనని ఇంకాస్త ఆరనిచ్చి, గడ్డ మీద అద్దింది. ఆ తర్వాత గోరువెచ్చని ఆముదం రాసి బొటనవేలితో గుండ్రంగా పామింది.

"హాయిగా ఉన్నాది మామ్మా" అంది రేఖ.

వేడినీళ్ల సంచీ పెట్టకూడదని రేఖకి తెలుసు. తల్లి చెప్పింది. ఉప్పుమూట ఆ కోవలోకి వస్తుందని ఆ పిల్లకి తట్టలేదు. మామ్మ చేతి కాపడం పుట్టిన దగ్గర్నుంచి ఎరుగును, దాన్ని వద్దనేవాళ్లు ఉంటారని ఎలా అనుకుంటుంది? ఆ మాటకొస్తే కాగితం రాసిన పెద్దలకీ ఉప్పుమూట తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఒకటి. ఆ రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. శనివారం రెండు. ఈ పొద్దున చర్చికి బయల్దేరే ముందు ఇంకొకటి. ఐదుసార్లు.

ఇప్పుడే చెప్పాలి, అనుకుంది వెంకటలక్ష్మి. 

చెబితే ఈ చేతుల్ని ఇంకెవరు నమ్ముతారు? కొడుకు మొహం చూడగలదా? మనవరాలు లేచాక దాని మొహం చూడగలదా? లేవకపోతే? ఆ ఆలోచన వచ్చేసరికి ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. ప్రభువా, దీని షుగరు పెంచు, అందరి ముందూ ఒప్పేసుకుంటాను అని మొక్కుకుంది. పెరిగితే ఇక ఒప్పుకోనక్కర్లేదు కదా అన్న ఆలోచన ఆ వెనకే వచ్చింది. ఆమె మీద మీకు కోపం వస్తే తప్పు పట్టను. నాకూ వచ్చింది.

* * *

"నేనప్పుడే అన్నాను," బెన్హర్ అన్నాడు. భయపడ్డ మగవాడికి దొరికే మొదటి పని భార్య మీద అరవడం. "ఉన్న సూదులేవో ఉన్నాయి, ఈ కొత్తవి మనకొద్దు అన్నానా?"

"ఎప్పుడన్నారు? సంతకం పెట్టినప్పుడు పక్కనే ఉన్నారు కదా."

"నువ్వూ అదీ కలిసి ముందే అనేసుకుని నాకు పెన్ను ఇచ్చారు."

"తొమ్మిదేళ్లు దానికి సూదులు పొడిసింది నేను. ఒక్కనాడు పొడిసారా మీరు? సూది తీస్తే సాలు, గదిలోంచి ఎల్లిపోయేవారు. అది ఏడుస్తాదని వంటింట్లో కుళాయి తిప్పుకుని నిలబడేవారు. నాకు తెలీదనుకున్నారా?"

బెన్హర్ గడప వైపు తల తిప్పుకున్నాడు.

"అది నా చెయ్యి పట్టుకుని అడిగింది. అమ్మా, కాలేజీలో బాత్రూంలోకెల్లి పొడుసుకోలేకపోతన్నాను, ఈ ఒక్కటీ ఒప్పుకో అంది. ఏటనమంటారు నన్ను?"

"అరవకండర్రా," అంది వెంకటలక్ష్మి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గుంట ఇంటాది."

రేఖ వినడం లేదు. మళ్లీ కళ్లు వాల్చేసింది. పద్మజ వేలు పొడిచింది. రక్తపు చుక్క సరిగా రాక రెండోసారి పొడిచింది. ముగ్గురూ ఆ చిన్న పెట్టె మీదకి వంగారు.

యాభై రెండు.

"పెరగలేదు," అంది పద్మజ. "గ్లూకోజు తాగింది కదా. పెరగాల కదా?"

 వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది స్టార్ట్ కావడం లేదు. 

"అమ్మా," అన్నాడు బెన్హర్ ఉన్నట్టుండి. "నీకేటైనా తెలుసా?"

"నాకేటి తెలుస్తాది నాయనా."

ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోవాలంటే ఇంకా కష్టం. వెంకటలక్ష్మి రేఖ పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. చల్లగా ఉన్నాయి. ఎంత రుద్దినా చల్లగానే ఉన్నాయి.

అంతలో రేఖ ఎడమ చెయ్యి ఎగిరింది. పద్మజ పట్టుకునేలోగా భుజం, మెడ, మొత్తం శరీరం కొట్టుకోవడం మొదలుపెట్టింది. పళ్లు బిగుసుకున్నాయి. మంచం గోడకి తగిలి టకటకమంటోంది.

"రేఖా! అమ్మా రేఖా!"

"పక్కకి తిప్పు, పక్కకి తిప్పవే!" వెంకటలక్ష్మి మనవరాలిని పక్కకి దొర్లించి వీపుకి తన మోకాలు అడ్డం పెట్టింది. "ఒరే బెన్హరూ, బండి పిలవరా, బేగి ఆస్పత్రికి ఎల్లిపోవాల! కాపడం నాను పెట్టినాన్రా. నానే పెట్టినాను!"

"ఏటి?"

"ఉప్పు కాపడం. గుంట నొప్పంటే సూడనేక పెట్టినాను."

"ఎన్నిసార్లు?"

కొడుకు కళ్లలోకి చూసింది. అరవై ఏళ్ల మనిషిలా కనిపించాడు.

"ఒక్కసారి," అంది.

"పద్మజ సెప్పింది కదా నీకు! వేడి తగలకూడదని మరీ మరీ సెప్పింది కదా! ముసలితనం వచ్చినాక ఒక మాట ఇనొద్దా?"

వెంకటలక్ష్మి కోడలి వైపు చూసింది. నాకెవరూ చెప్పలేదురా అనొచ్చు. అది నిజం. కానీ ఒక్కసారే అని అబద్ధమాడిన నోటితో ఆ నిజం చెప్పడానికి ఆమెకి సిగ్గేసింది. పద్మజ తల వంచుకుని కూతురి చీర కుచ్చిళ్లు సర్దుతోంది. ఎందుకు సర్దుతోందో ఆమెకే తెలియదు.

* * *

పక్కింటి నరేష్ ఆటోలో పాలకొండ రోడ్డులోని నర్సింగ్‌హోమ్‌కి చేర్చారు. ఆదివారం కాబట్టి డాక్టర్ గోవింద్ పైనున్న తన ఇంట్లోంచి దిగి రావలసి వచ్చింది. వచ్చీ రాగానే సూది గుచ్చి, పెద్ద సిరంజితో గ్లూకోజు నరంలోకి ఎక్కించాడు. మూర్ఛ ఆగింది. సీసా తగిలించారు. షుగరు నూట ఇరవైకి లేచింది.

బెన్హర్ బల్ల మీద కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. పద్మజ గోడకి ఆనుకుని ఏడ్చింది. వెంకటలక్ష్మి మాత్రం సీసాలోంచి పడే చుక్కల్నే చూస్తోంది. ఆసుపత్రి మనిషి కదా, మొదటి అంకెని నమ్మదు.

ఇరవై నిమిషాలకి నర్సు వచ్చి చెప్పింది. "అరవై ఒకటి సార్. సీసా నడుస్తూనే ఉంది."

గోవింద్ విశాఖలో డాక్టర్ ఝాన్సీకి ఫోను చేశాడు. ఇటు మాటలే వినిపిస్తున్నాయి. "అవును డాక్టర్... ఒక్కసారి పెట్టారట, ఉప్పుతో... అయితే పలుకులు చాలావరకు అక్కడే ఉండి ఉంటాయి కదా... కోసి తీసేస్తాను. సరే, ఇప్పుడే చేస్తాను."

ఫోను పెట్టి వీళ్ల వైపు తిరిగాడు. "ఒక్కసారే వేడి తగిలింది కాబట్టి మిగిలిన మందు ఇంకా ఆ గడ్డలో ఉంటుంది. గడ్డ కోసి తీసేస్తే గండం గడుస్తుంది. కాపడం పెట్టింది ఎవరు? మీరేనా అమ్మా? లోపలికి రండి, చోటు చూపించండి."

వెంకటలక్ష్మి చెప్పులు వదిలి లోపలికి వెళ్లింది. రేఖ పొట్ట మీద పచ్చటి గుడ్డ పరిచి, మధ్యలో జానెడు చోటు వదిలారు. నర్సు చర్మాన్ని మందుతో తుడిచి పక్కకి జరిగింది.

"చేతులు కడుక్కుని, ఎక్కడో తడిమి చెప్పండి. నాకు తగలడం లేదు."

చేతులు కడుక్కుంది. బొడ్డు పక్కన వేళ్లు ఆనించింది. శుక్రవారం ఉసిరికాయంత ఉంది. శనివారం సాయంత్రానికి శనగగింజంత. ఈ పొద్దున పాముతుంటే వేలికి తగిలీ తగలకుండా ఉంది. ఇప్పుడు అక్కడ మెత్తటి పొట్ట తప్ప ఏమీ లేదు. కొంచెం పైకి చూసింది, కొంచెం కిందకి చూసింది. కళ్లు మూసుకుని చూసింది. వందల గడ్డలు కరిగించిన వేళ్లకి ఒక్క గడ్డ దొరకలేదు.

"సరే, ఫర్వాలేదు," అన్నాడు గోవింద్. నీలం పెన్నుతో రేఖ పొట్ట మీద అరచేతి వెడల్పున గీత గీశాడు. "ఈ మేర తెరిచి వెతుకుతాను. మీరు బయట కూర్చోండి."

వెంకటలక్ష్మి కదలలేదు.

"బయటికి వెళ్లండి అమ్మా."

"వద్దు బాబూ. కొయ్యకండి." ఆమె రెండు చేతులూ జోడించింది. "ఒక్కసారి కాదు. ఐదుసార్లు పెట్టినాను. ఆవదం రాసి పామినాను కూడా. పెట్టినప్పుడల్లా పది నిమిషాలు పామినాను. అక్కడ ఏటీ నేదు బాబూ. కరిగిపోనాది. నానే కరిగించేసినాను."

గోవింద్ చేతిలోని కత్తి ట్రేలో పెట్టేశాడు. 

"చెప్పి మంచిపని చేశారు," అన్నాడు. "లేని గడ్డ కోసం కోసేవాణ్ని. గంట వృథా అయ్యేది."

తలుపు తీసి బెన్హర్‌ని పిలిచాడు. "మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోయింది. ఇంక తీయడానికి లేదు. అది తగ్గేదాకా, రేపటికో ఎల్లుండికో, షుగరు పడుతూనే ఉంటుంది. నిమిషం ఏమరకుండా ఎక్కిస్తూ ఉండాలి. నా దగ్గర ఆ ఏర్పాటు లేదు. అంబులెన్స్ పిలుస్తున్నాను, విశాఖ తీసుకెళ్లండి. దారిలోకి నర్సుని ఇస్తాను."

"ఐదుసార్లా?" అన్నాడు బెన్హర్. డాక్టర్ వైపు కాదు, తల్లి వైపు చూస్తున్నాడు. "ఇంటికాడ అడిగితే నాకేటి తెలుస్తాదన్నావు. తర్వాత ఒక్కసారన్నావు. అది చచ్చిపోతుంటే కూడా అబద్ధమేనా నీకు? సెప్పిన మాట చెవిన పెట్టకుండా నా కూతుర్ని—"

"ఆవిడకి నేను సెప్పలేదు."

పద్మజ గోడ దగ్గరే నిలబడి ఉంది. గట్టిగా అనలేదు. అయినా బెన్హర్ ఆగిపోయాడు.

"సెప్పానని మీతో అన్నాను. సెప్పలేదు. బలానికేసారని అబద్ధమాడాను. వేడి సంగతి ఆవిడకి ఎలాగ తెలుస్తాది?"

"నువ్వేటి మాట్లాడతన్నావో తెలుస్తందా నీకు?"

"ఇంకా ఉన్నాది, ఇనండి. శుక్రవారం సాయంత్రం పెనం మీద ఉప్పు సూసాను. పక్కన గుడ్డ కూడా సూసాను. అత్త మోకాలికేమో అనుకున్నాను."

"అనుకున్నావా?"

"అనుకుంటే బాగుండుననిపించింది, అనుకున్నాను. అడిగితే అంతా సెప్పాల్సి వస్తాది. అందుకే అడగలేదు."

  తిట్టడానికి ఒక మనిషి ఉంటే భయం కొంత మరుగున పడుతుంది. ఇద్దరు ఉండేసరికి ఎవర్ని తిట్టాలో తెలియక భయం అంతా బెన్హర్ మీదే వచ్చి పడింది. పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు.

* * *

అంబులెన్స్‌లో నర్సు కాక ఒక్కరికే చోటు. డ్రైవరు ఆ మాట అనగానే పద్మజ ముందుకొచ్చింది. బెన్హర్ ఆమెని చూడనట్టే లోపలికి ఎక్కి, కూతురి తల దగ్గర కూర్చున్నాడు. సూది చూస్తే కళ్లు తిరిగే మనిషి, సీసా పైకెత్తి పట్టుకోమని నర్సు ఇస్తే పట్టుకున్నాడు. రేఖ కళ్లు తెరవలేదు. తలుపు పడింది. బండి చీపురుపల్లి రోడ్డు వైపు తిరిగి, ఎడ్లబళ్ల పక్కనుంచి మోత మోగించుకుంటూ పోయింది.

అత్తా కోడళ్లు గేటు దగ్గర మిగిలారు.

ఇరవై రెండేళ్లు ఒకే వంటింట్లో తిరిగిన ఆడవాళ్లు. ఉప్పు ఎక్కువైందని ఒకరు, నూనె తగ్గించమని ఒకరు, రోజుకి ఒక్కసారైనా మాట అనుకోకుండా పొయ్యి ఆర్పినవాళ్లు కాదు. ఇప్పుడు అనుకోవడానికి ఒక్క మాట లేదు. నరేష్ ఆటో తిప్పుతూ, "ఇంటికేనా పిన్నీ?" అని అడిగాడు. ఇద్దరూ వద్దని తల ఊపారు. ఆ ఇంట్లోకి ఇప్పుడు ఎలా వెళ్తారు? పొయ్యి పక్కన పెనం అలాగే ఉంది.

"ఎనకాల బస్సుకి ఎల్దాం," అంది వెంకటలక్ష్మి.

"మీరెందుకు అత్తా, ఈ వయసులో. నేను ఎల్తాను."

"నన్ను సూసి అది భయపడతాదనా?"

"అది కాదు."

"నా సేతులు ముట్టుకోనియ్యదేమోనే ఇంక."

పద్మజ ఆ చేతుల వంక చూసింది. ఇందాకే మళ్లీ కడుక్కున్న తడి ఇంకా ఆరలేదు. ఏదో అనబోయింది. అప్పుడు ఆమె చేతిలో ఫోను మోగింది.

రేఖ నాన్న, అని ఉంది తెర మీద.

బండి కదిలి పది నిమిషాలు కూడా కాలేదు. ఊరు దాటి ఉంటారంతే. విశాఖ చేరాక చేయవలసిన ఫోను అప్పుడే ఎందుకు వచ్చింది? ఆ ప్రశ్న ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. 

"ఎత్తవే."

"నావల్ల కాదు అత్తా."

"ఎత్తు, పద్మా."

"ఏటి సెప్తారో అత్తా. నేను ఇనలేను. నావల్ల కాదు." పద్మజ గేటు ఊచ పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

ఫోను ఆగిపోయింది.  మళ్లీ మోగింది.

వెంకటలక్ష్మి వంగి కోడలి చేతిలోంచి ఫోను తీసుకుంది. ఆమెకి అలాంటి ఫోను వాడటం సరిగా రాదు. పచ్చటి గుర్తుని పక్కకి లాగాలని మాత్రం తెలుసు. తడి వేలికి మొదటిసారి అది కదల్లేదు. చీర కొంగుకి వేలు తుడుచుకుని మళ్లీ లాగింది.

అటునుంచి ఇంజను చప్పుడు, దాని మీద కొడుకు ఊపిరి వినిపించాయి. మాట వినిపించలేదు.

"ఒరే బెన్హరూ," అంది. "ఏటైనా సరే సెప్పరా. ఇంటన్నాను."